ఒక్క డాలరు కోసం సుప్రీంకోర్టు దాకా



‘ఇది మా స్టేషన్ పరిధిలోకి రాదు, అవతలి స్టేషన్‌కు పోండి’ అన్న మాట మనలో వినని వాడు ఉండడు. దొంగతనం జరిగినా, యాక్సిడెంట్ అయినా ముందుగా తేలాల్సింది తప్పు ఎవరిది అన్నది కాదు, పరిధి ఎవరిది అన్నది. కోర్టుల సంగతీ అంతే. న్యాయం మన పక్షాన ఉన్నా సరే, మనం తలుపు తట్టిన కోర్టుకు ఆ కేసు వినే అధికారం లేకపోతే కాగితాలు వాపసు వస్తాయి. ఆ అధికారాన్నే అధికార పరిధి అంటారు.

ఈ వారం నేను రాస్తున్నది అమెరికాలోని షికాగో నగరానికీ, ఒక రైలు కంపెనీకీ మధ్య జరిగిన భూమి తగాదా గురించి. 1897లో ఆ దేశపు సుప్రీంకోర్టు దాని మీద తీర్పు చెప్పింది. షికాగో రైలు పట్టాలకూ, మన క్యాంపులోని బంకు మంచాలకూ సంబంధం ఏమిటని నవ్వకండి. మనలో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత భూమి ఉంది. కొందరు ఆ భూమి నిలబెట్టుకోవడానికే ఇంత దూరం వచ్చారు. ఆ భూమి మీదుగా రేపు రోడ్డో, రైలో, కాలువో రావచ్చు. అప్పుడు ఏ కాగితం ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలన్నది తెలియకపోతే ఇక్కడ పదేళ్లు చెమటోడ్చినా పూడని నష్టం జరుగుతుంది.

ముందే చెబుతున్నాను, నేను వకీలును కాను. ఇంటర్‌లో సీఈసీ గ్రూపు చదివి, ఇక్కడ ఆఫీసులో టైమ్ షీట్లు రాసుకునే గుమాస్తాను. కాగితాలతో పని కాబట్టి క్యాంపులో ఎవరికి ఏ నోటీసు వచ్చినా ‘అన్నా, ఇది కాస్త చదువు’ అని నా దగ్గరికి తెస్తారు. పోయిన ఎండాకాలంలో ఒక తమ్ముడికి ఇంటి నుంచి వాట్సాప్‌లో భూసేకరణ నోటీసు ఫోటో వచ్చింది. ‘అన్నా, సీదా హైకోర్టుకే పోదామా?’ అని అడిగాడు. హైకోర్టు ఏది వింటుంది, ఏది వినదు అన్నది అతనికి అర్థమయ్యేలా చెప్పాలని నాలుగు పుస్తకాలూ, తీర్పులూ తిరగేస్తుంటే ఈ షికాగో కేసు కంటపడింది. కథలా ఉంది కాబట్టి మీ అందరికీ చెబుతున్నాను.

షికాగోలో రాక్‌వెల్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. పశ్చిమ 18వ వీధి నుంచి 19వ వీధి దాకా దాన్ని తెరిచి వెడల్పు చేయాలని 1880 అక్టోబరులో నగర పాలక మండలి ఒక ఆర్డినెన్సు చేసింది. ఆ దారిలో కొందరు మామూలు మనుషుల స్థలాలు ఉన్నాయి. షికాగో, బర్లింగ్టన్ అండ్ క్విన్సీ అనే పెద్ద రైలు కంపెనీ పట్టాలు కూడా ఉన్నాయి. కొత్త వీధి ఆ పట్టాలను దాటుకుని పోవాలి. నగరం 1890లో అక్కడి జిల్లా స్థాయి కోర్టులో భూసేకరణ దరఖాస్తు వేసింది.

అమెరికాలో ఇలాంటి కేసుల్లో పరిహారం ఎంతో తేల్చేది జ్యూరీ. అంటే జడ్జి ఒక్కడే కాకుండా, ఊళ్లోని మామూలు జనంలోంచి ఎంచుకున్న కొందరు కూర్చుని సాక్ష్యాలు విని లెక్క కడతారు. మన దేశంలో ఒకప్పుడు ఉండి, తరువాత పోయిన పద్ధతి ఇది. ఆ జ్యూరీ స్థలాలు పోయిన మామూలు మనుషులకు విలువ కట్టి పరిహారం ఇచ్చింది. రైలు కంపెనీకి మాత్రం ఇచ్చింది ఒక్క డాలరు. అవును, ఒకే ఒక్క డాలరు!

కంపెనీకి మండిపోయింది. కాని జ్యూరీ లెక్కలో కూడా ఒక తర్కం ఉంది. పక్కవాళ్ల స్థలాలు పూర్తిగా వీధిలో కలిసిపోయాయి, వాళ్లకు ఇక మిగిలింది లేదు. రైలు కంపెనీ పట్టాలు అక్కడే ఉన్నాయి. బండ్లు ఎప్పటిలాగే నడుస్తాయి. మారిందల్లా ఆ పట్టాల మీదుగా ఇకపై జనమూ, గుర్రపు బండ్లూ దాటుతాయి, అంతే. రైలు నడపడానికి ఆ స్థలానికి నిన్న ఉన్న విలువ ఎంత, వీధి పడ్డాక ఉండే విలువ ఎంత, ఆ తేడాయే పరిహారం అన్నారు. తేడా ఏమీ లేదని పేరుకు ఒక డాలరు రాశారు.

కంపెనీ వాదన వేరు. ‘వీధి పడితే మేము గేట్లు పెట్టాలి, పట్టాల మధ్య పలకలు పరచాలి, గేటు దగ్గర కాపలా మనిషిని పెట్టాలి, అతనికి జీతం ఇవ్వాలి. ఈ ఖర్చంతా ఎవరిస్తారు?’ అని అడిగింది. ఆ ఖర్చుల సాక్ష్యాన్నే లెక్కలోకి తీసుకోనివ్వలేదని దాని ఫిర్యాదు. ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టుకు పోయింది. అక్కడా ఓడింది. అప్పుడు దేశ సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. నగరం తరఫు వకీళ్లు లేచి, ‘ఈ కేసు వినే అధికారమే ఈ కోర్టుకు లేదు’ అన్నారు.

ఎందుకన్నారో అర్థం కావాలంటే అమెరికా కోర్టుల ఏర్పాటు కొంచెం తెలియాలి. మన దగ్గర కింది కోర్టు, పైన హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు ఒకే నిచ్చెన మెట్లలా ఉంటాయి. అమెరికాలో రెండు నిచ్చెనలు. ప్రతి రాష్ట్రానికి దాని సొంత కోర్టులు, దాని సొంత సుప్రీంకోర్టు ఉంటాయి. కేంద్ర ప్రభుత్వానికి వేరే కోర్టులు, వాటి పైన దేశ సుప్రీంకోర్టు ఉంటాయి. రాష్ట్ర చట్టం మీద రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పిందే ఆఖరి మాట. దేశ సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టాలంటే, దేశ రాజ్యాంగమో, కేంద్ర చట్టమో ఇచ్చిన హక్కు ఆ కేసులో ముడిపడి ఉండాలి. అంతే కాదు, ఆ హక్కును కింది కోర్టుల్లోనే అడిగి ఉండాలి. కింద నోరు మెదపకుండా పైకి వచ్చాక కొత్తగా గుర్తొచ్చిందంటే వినరు. ఈ ఏర్పాటుకు పునాది 1789 నాటి న్యాయస్థానాల చట్టంలోనే ఉంది.

దీనికి తోడు నగరానికి అనుకూలంగా ఒక పాత ముచ్చట ఉంది. బాల్టిమోర్ నగరంలో జాన్ బ్యారన్ అనే ఆయనకు ఓడలు ఆగే రేవు ఉండేది. నగరం వీధులు వేస్తూ వాగుల దారి మళ్లించింది. ఆ వాగుల మట్టి కొట్టుకొచ్చి రేవు పూడిపోయింది. ఓడలు రావడం ఆగిపోయింది. కింది కోర్టు ఆయనకు 4,500 డాలర్ల పరిహారం ఇవ్వమంది, పై కోర్టు కొట్టేసింది. ఆయన దేశ సుప్రీంకోర్టుకు పోయాడు. పరిహారం ఇవ్వకుండా ఎవరి ఆస్తినీ ప్రజల అవసరానికి తీసుకోకూడదని రాజ్యాంగం ఐదో సవరణలో ఉంది కదా అన్నాడు. 1833లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ చెప్పిన జవాబు ఏమిటంటే, ఆ సవరణ కట్టడి చేసేది కేంద్ర ప్రభుత్వాన్ని మాత్రమే, రాష్ట్రాలనూ నగరాలనూ కాదు, కాబట్టి ఈ కేసు మా పరిధిలోకి రాదు. ఆ మాటతో కేసు కొట్టేశారు. రేవు పూడింది, ఆయనకు పైసా రాలేదు.

మరి 1897 నాటికి ఏమి మారింది? మధ్యలో అంతర్యుద్ధం జరిగింది, బానిసత్వం రద్దయింది. 1868లో రాజ్యాంగానికి పద్నాలుగో సవరణ వచ్చింది. చట్టప్రకారమైన న్యాయమైన విధానం లేకుండా ఏ రాష్ట్రమూ ఏ మనిషి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ లాక్కోకూడదని అందులో ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి ప్రజలకు రక్షణగా తెచ్చిన సవరణ అది. దాన్ని ఇప్పుడు ఒక రైలు కంపెనీ పట్టుకుంది.

నగరం వకీళ్లు వదల్లేదు. ‘కంపెనీ మొదటి కోర్టులో వేసిన జవాబులో రాజ్యాంగం మాటే ఎత్తలేదు. ఇప్పుడు ఎలా అడుగుతుంది?’ అన్నారు. నిజమే, జవాబులో ఆ మాట లేదు. కాని జ్యూరీ ఒక్క డాలరు రాసిన తరువాత, ఆ నిర్ణయాన్ని రద్దు చేయమని కంపెనీ అదే కోర్టులో రాతపూర్వకంగా ఒక అర్జీ వేసింది. ఇది పద్నాలుగో సవరణకు విరుద్ధం అని ఆ అర్జీలో స్పష్టంగా రాసింది. రాష్ట్ర సుప్రీంకోర్టులోనూ అదే అభ్యంతరం పెట్టింది. ఆ కోర్టు తీర్పులో రాజ్యాంగం పేరు ఎత్తకపోయినా, కంపెనీ ఓడిందంటే ఆ హక్కును కాదన్నట్టే కదా. కాబట్టి మాకు అధికారం ఉంది అని సుప్రీంకోర్టు తేల్చింది. చూశారా, సమయానికి రాసిన ఒక్క అర్జీ దేశంలోని అన్నిటికంటే పెద్ద కోర్టు తలుపు తెరిచింది.

తీర్పు రాసినాయన జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్. పైన చెప్పిన ప్రధాన న్యాయమూర్తి పేరే ఈయన పేరులోనూ ఉంది, కాని ఈయన వేరు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ రైలు పెట్టెలు వేరువేరుగా ఉండాలన్న చట్టాన్ని 1896లో మిగతా జడ్జీలు ఒప్పుకుంటే, ఒంటరిగా కాదన్న మనిషి ఈయనే. ఆయన ఇప్పుడు చెప్పిన మాట పెద్దది. రాష్ట్రమైనా, రాష్ట్రం అధికారం ఇచ్చిన నగరమైనా, చివరికి రాష్ట్ర కోర్టైనా సరే, న్యాయమైన పరిహారం లేకుండా ప్రైవేటు ఆస్తిని ప్రజల అవసరానికి తీసుకుంటే అది పద్నాలుగో సవరణను మీరినట్టే. కాగితం మీద అన్ని తంతులూ సరిగ్గా జరిపితే చాలదు, పరిహారం కూడా ఉండాలి. బ్యారన్‌కు మూసిన తలుపు అరవై నాలుగేళ్లకు అలా తెరుచుకుంది.

అయితే కంపెనీ గెలిచిందా? లేదు, ఓడింది. ఆ ఒక్క డాలరే ఖాయమైంది.

జ్యూరీ తేల్చిన లెక్కను పై కోర్టు తిరగదోడకూడదని అమెరికా రాజ్యాంగం ఏడో సవరణ చెబుతుంది. కాబట్టి డాలరా, వెయ్యి డాలర్లా అన్నది మేము చూడము, పరిహారమే దక్కకుండా చేసే చట్టపరమైన తప్పు జరిగిందా లేదా అన్నదే చూస్తాము అంది కోర్టు. అలాంటి తప్పు కనబడలేదంది. గేట్లు, కాపలా ఖర్చు మాటకు వస్తే, జనం ప్రాణాలకు ముప్పు లేకుండా బండ్లు నడపడం రైలు కంపెనీ బాధ్యత, ఆ షరతుకు ఒప్పుకునే అది వ్యాపారం చేస్తోంది, దానికి నగరం డబ్బు ఇవ్వక్కర్లేదంది.

జస్టిస్ బ్రూవర్ ఒక్కడే అడ్డం తిరిగాడు. కేసు వినే అధికారం ఉందనీ, పరిహారం ఇవ్వక తప్పదనీ ఆయనా ఒప్పుకున్నాడు. కాని పేరుకు ఒక డాలరు ఇచ్చి పరిహారం ఇచ్చామనడం ఏమిటి, మొదట ఇచ్చిన మాట చివరికి గాలికి పోయినట్టు కాదా అన్నది ఆయన బాధ. ప్రధాన న్యాయమూర్తి ఫుల్లర్ ఈ కేసులో కూర్చోలేదు.

1880లో మొదలైన వీధి గొడవ 1897 మార్చి 1న ఇలా ముగిసింది. ఆ రైలు కంపెనీ 1970లో వేరే కంపెనీలతో కలిసిపోయింది, ఆ పేరు ఇప్పుడు లేదు. కాని ఆ కేసులో పుట్టిన సూత్రం బతికే ఉంది. కంపెనీ తన కోసం బావి తవ్వింది, దానికి నీళ్లు అందలేదు గాని ఊరంతా ఆ నీళ్లు తాగింది. ఆ తరువాత అమెరికాలో ఏ ఊరి మునిసిపాలిటీ ఏ పేదవాడి ఇంటి మీద చేయి వేసినా, దేశ రాజ్యాంగం పేరు చెప్పి పరిహారం అడిగే హక్కు ఆ పేదవాడికి వచ్చింది.

అడిగిన వాళ్లంతా గెలిచారని కాదు. న్యూయార్క్‌లో గ్రాండ్ సెంట్రల్ అనే పేరున్న రైల్వే స్టేషన్ మీద యాభై అంతస్తులు దాటే ఆఫీసు భవనం కడతామని పెన్ సెంట్రల్ రైలు కంపెనీ అడిగితే, అది పాత కాలపు చారిత్రక కట్టడం, వీల్లేదని నగరం అంది. పై గాలి కూడా మా ఆస్తే, అది లాక్కున్నారు, పరిహారం ఇవ్వండి అని కంపెనీ కోర్టుకెక్కింది. 1978లో సుప్రీంకోర్టు ఆరుగురు జడ్జీల మాటతో నగరం పక్షాన తీర్పు ఇచ్చింది. స్టేషన్ స్టేషన్‌గానే నడుస్తోంది, ఆదాయం వస్తోంది, కాబట్టి ఆస్తి లాక్కున్నట్టు కాదంది.

2005లో న్యూ లండన్ అనే చిన్న నగరం కేసు అంతకంటే చేదు. ఊరు అభివృద్ధి చెందుతుందని చెప్పి జనం ఇళ్లు తీసుకున్నారు. ప్రైవేటు కట్టడాల కోసం ఇల్లు తీసుకోవడం ప్రజా ప్రయోజనమా అని ఇళ్ల వాళ్లు అడిగారు. ఐదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. ఇళ్లు పోయాయి. పక్కనే ఉన్న పెద్ద మందుల కంపెనీ 2009లో తాను వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. తీసుకున్న స్థలం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. ఆ తీర్పు మీద జనం కోపం చూసి చాలా రాష్ట్రాలు తమ చట్టాలను గట్టి చేసుకున్నాయి.

పరిధి గొడవ 2019లో మళ్లీ వచ్చింది. పరిహారం ఇవ్వకుండా ఆస్తి తీసుకుంటే ముందు రాష్ట్ర దారులన్నీ తిరిగి రావాల్సిందే అని 1985 నాటి తీర్పు ఒకటి ఉండేది. పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి మీద ఒక భూమి యజమాని వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ పాత తీర్పును పక్కన పెట్టింది. ఇక నేరుగా కేంద్ర కోర్టుకే పోవచ్చంది. తలుపు ఏదన్నదాని మీద వందల ఏళ్లుగా కొట్లాట సాగుతూనే ఉందన్న మాట.

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం.

షికాగో తీర్పుకు మూడేళ్ల ముందు, 1894లో, తెల్లదొరలు మన దేశానికి భూసేకరణ చట్టం చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 2013 చివరి దాకా అదే నడిచింది. ఆస్తి హక్కు మన రాజ్యాంగంలో మొదట ప్రాథమిక హక్కుగా ఉండేది. 1978లో 44వ సవరణతో దాన్ని అక్కడి నుంచి తీసి 300-ఎ అధికరణంలో పెట్టారు. చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోరాదని అది చెబుతుంది. ఆ చిన్న వాక్యంలో ఎంత ఉందో 2024 మేలో కలకత్తా నగర పాలక సంస్థ కేసులో మన సుప్రీంకోర్టు విప్పి చెప్పింది. నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలతో నిర్ణయం చెప్పాలి, ప్రజా ప్రయోజనం ఉండాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, పని సకాలంలో సక్రమంగా జరపాలి, ముగించాలి. ఈ ఏడూ ఉంటేనే చట్టం ప్రకారం తీసుకున్నట్టు అంది.

2009లో, నేను ఇంటర్ ముగించిన ఏడు, మా ఊరి పక్కనుంచి బైపాస్ రోడ్డు పడింది. మా బాపుది పద్దెనిమిది గుంటలు పోయింది. చెక్కు తీసుకోవడానికి బాపుతో నేనూ ఆఫీసుకు పోయాను. ఆఫీసు బయట వేపచెట్టు కింద అర్జీలు రాసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. బాపును పిలిచి, ‘పైసలు తీస్కో మల్లయ్యా, వద్దనకు. గని సంతకం పక్కన అభ్యంతరంతో తీసుకుంటున్న అని ఒక్క ముక్క రాయి. నెలన్నర లోపల కోర్టుకు పంపుమని అర్జీ పెట్టు’ అన్నాడు. బాపుకు సంతకం వచ్చు గాని రాయడం రాదు. ఆ ముక్క నేనే రాశాను. లోపల కూర్చున్న గుమాస్తా ‘ఇదెందుకు, చెక్కు ఆగిపోతది’ అని భయపెట్టాడు. బాపు నా మొకం చూశాడు, నేను ముసలాయన వైపు చూశాను, చివరికి అలాగే ఉంచాం. చెక్కు ఆగలేదు.

మా వరుసలో భూమి పోయిన పదిమందిలో అలా రాసింది ముగ్గురమే. కొన్నేళ్లకు కోర్టు ధర పెంచింది. రాయని వాళ్లకు కూడా చట్టంలో ఇంకొక చిన్న కిటికీ ఉంది. అదే నోటిఫికేషన్ కింద ఎవరికైనా కోర్టు పెంచితే, ఆ తీర్పు తేదీ నుంచి మూడు నెలల లోపల మాకూ అదే రేటు ఇవ్వండని దరఖాస్తు చేసుకోవచ్చు. ఊళ్లో ఉన్నవాళ్లు ఆ సంగతి విని పరుగెత్తి పెట్టుకున్నారు. మా వెనక వీధి అన్న ఒకాయన అప్పుడు గల్ఫ్‌లో ఉన్నాడు. ఇంట్లో ముసలి తల్లి తప్ప ఎవరూ లేరు. ఆయనకు తెలిసేసరికి ఐదో నెల. మా భూమీ ఆయన భూమీ మధ్య ఒక ఒడ్డు మాత్రమే అడ్డం. మాకు వచ్చిన ధర ఆయనకు రాలేదు. ఎవరో మోసం చేసి కాదు, తేదీ దాటిపోయి. ఆయన ఇప్పటికీ ఆ ఒడ్డు గురించే మాట్లాడతాడు.

కాబట్టి క్యాంపులో ఉన్న మనం గుర్తు పెట్టుకోవలసిన సంగతులు నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

2014 జనవరి 1 నుంచి కొత్త భూసేకరణ చట్టం అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో ధర మీద 30 శాతం ఓదార్పు మొత్తం ఇచ్చేవారు, దాన్నే సొలేషియం అంటారు. కొత్త చట్టంలో అది 100 శాతం. పల్లె భూములకు మార్కెట్ ధరను రెండింతల దాకా హెచ్చవేసే వీలు కూడా ఉంది. తొలి నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల లోపల అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. భూమి తీసుకోవద్దనో, కొలత తప్పనో, ఈ పనికి ఈ భూమి అక్కర్లేదనో చెప్పాల్సింది అప్పుడే.

అవార్డు అయ్యాక ధర తక్కువ అనిపిస్తే, డబ్బు అభ్యంతరంతో తీసుకుని, ఆ ముక్క రాసి, కేసును అథారిటీకి పంపమని కలెక్టరుకు దరఖాస్తు ఇవ్వాలి. అవార్డు రోజు మనమో, మన తరఫు మనిషో అక్కడ ఉంటే గడువు ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. దూరదేశంలో ఉండటం లాంటి సరైన కారణం చూపిస్తే మరో ఏడాది దాకా తీసుకునే అధికారం కలెక్టరుకు కొత్త చట్టం ఇచ్చింది, కాని అది ఆయన ఇష్టం. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. ఏమీ రాయకుండా డబ్బు తీసుకుంటే మాత్రం ఆ దరఖాస్తు హక్కే పోతుంది. పక్కవాళ్లకు పెరిగితే మూడు నెలల్లో అడిగే కిటికీ కొత్త చట్టంలోనూ ఉంది. కొన్ని రకాల పనులకు, కొన్ని రాష్ట్రాల్లో పద్ధతి వేరుగా ఉంటుంది కాబట్టి నోటీసు చేతిలో పట్టుకుని ఊరి దగ్గర మంచి వకీలును ఒకసారి అడగాలి.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్న. సీదా హైకోర్టుకు పోవచ్చా? నోటీసే ఇవ్వలేదు, అభ్యంతరం వినలేదు, చట్టం చెప్పిన పద్ధతి మీరారు అంటే పోవచ్చు, 226 అధికరణం కింద రిట్ వేయవచ్చు. ధర చాలలేదు అన్నదొక్కటే గొడవైతే మొదటి తలుపు హైకోర్టు కాదు. అది అథారిటీ ముందు సాక్ష్యాలతో తేలాలి, అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే అప్పీలుకు హైకోర్టు. షికాగోలో సుప్రీంకోర్టు సూత్రం చూసింది, డాలర్లు లెక్కపెట్టలేదు. మన హైకోర్టు రిట్‌లో కూడా సాధారణంగా పద్ధతి చూస్తుంది, గుంటకు ఎంత అని లెక్కపెట్టదు. ఆ తమ్ముడు అది అర్థం చేసుకున్నాడు. అరవై రోజుల లోపలే అభ్యంతరం పంపాడు. వాళ్ల అన్న పేరున అధికార పత్రం రాసి, ఇక్కడి మన కాన్సులేట్‌లో ధ్రువీకరణ చేయించి ఊరికి పంపాడు. అలాంటి పత్రం మన దేశం చేరిన మూడు నెలల లోపల స్టాంపు వేయించుకోవాలని మరవకండి. అతని కేసు ఇంకా తేలలేదు. తేలుతుందో లేదో చెప్పలేను గాని, తలుపులన్నీ తెరిచే ఉన్నాయి.

నోటీసు ఇచ్చే ఆఫీసుకు మన క్యాంపు చిరునామా తెలియదు. రికార్డుల్లో ఉన్న పాత ఇంటికే పోతుంది. ఇంట్లో చదవగలిగిన వాళ్లు లేకపోతే ఆ కాగితం దేవుడి పటం వెనక చేరుతుంది. అందుకే ఒక పని చేయండి. ఈ సెలవు రోజున ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లల చదువు, అప్పు వడ్డీ అడిగాక ఇంకో రెండు మాటలు అడగండి. మన భూమి ఎవరి పేరున ఉంది? తెలంగాణ వాళ్లు 2025లో వచ్చిన భూ భారతిలో, ఆంధ్ర వాళ్లు మీభూమిలో ఫోనులోనే చూసుకోవచ్చు. చనిపోయిన తండ్రి పేరుమీదే ఉంటే మార్పించుకోండి. ఇక రెండోది, ఈ మధ్య ఏ ఆఫీసు నుంచి అయినా కాగితం వచ్చిందా అని. వచ్చిందంటే దాని రెండు పక్కలా ఫోటో తీసి పంపమనండి. అందులో మీకు ముందుగా కావలసింది తేదీ.